మందు ఎంత? గుండు ఏది?
(మూతినుండి దట్టించే తుపాకితో వేటకు వెళ్ళే మన యువకుల కొరకు)

మా ఆదివారపు తెలుగు తరగతిలో ఒకనాడు సామెతలు చెప్పుకుంటున్నాము. "పిచ్చుక మీద బ్రహ్మాస్త్రము" అన్న సామెతకు అర్థము ఏమిటని అడిగాము. వెనుక బల్ల మీద కూర్చున్న మా మేనల్లుడు లేచి, "దుప్పిని కొట్టడానికి తుపాకిలో నూటయాభై గ్రేనుల మందు పొయ్యడము, మామా" అన్నాడు. తరగతి అంతా నవ్వింది. మేమూ నవ్వాము. తరగతి అయిన తరువాత వాడు మా దగ్గరకు వచ్చి మెల్లగా, "మామా, నిజముగా ఎంత పొయ్యాలి? ఒకరు తొంభై అంటారు, ఒకరు నూటయాభై అంటారు. గుండు ఏది వెయ్యాలో అసలు తెలియడము లేదు" అన్నాడు. వాడు ఆ వేసవిలో ఒక తుపాకి కొన్నాడు. శరదృతువులో సియర్రా నెవాడా కొండలకు మొదటిసారి వేటకు వెళ్ళబోతున్నాడు.

ఈ ప్రశ్న వాడిది ఒక్కడిదే కాదు. ఫిజీనుండి వచ్చి శాక్రమెంటో, మొడెస్టో ప్రాంతాలలో స్థిరపడిన మన కుటుంబాలలో వేటకు వెళ్ళే పిల్లలు ఇప్పుడు చాలామంది వున్నారు. ఫిజీలో మన పెద్దలు కర్రపెండలము తవ్వి పాడుచేసే అడవి పందులను కుక్కలతో, చెరకు కత్తులతో తరిమినవారే. కనుక వేట మనకు కొత్త కాదు. ఈ తుపాకి మాత్రమే కొత్త. మాంసము ముట్టని పాఠకులు ఈ పుటలు తిప్పివేసినా మేము తప్పు పట్టము. చదివితే మాత్రము, ఒక ప్రాణి బాధపడకుండా చూడడము ఎట్లా అన్నదే ఇందులోని ముఖ్య విషయమని గ్రహిస్తారు.

మేము చేసిన తప్పు

ముందుగా మా తప్పు చెప్పుకోవలెను. 2019 జూలై 1 నుండి కాలిఫోర్నియా రాష్ట్రములో ఏ జంతువును తుపాకితో వేటాడినా సీసపు గుండు వాడకూడదు. అప్పటిదాకా మేము మా పాత తుపాకిలో సీసపు గుండ్లే వాడుతూ వచ్చాము. ఆ సంవత్సరము తొందరలో పొడవాటి రాగి గుండ్లు ఒక పెట్టె కొన్నాము. ఇరవై అయిదు గజాల దూరములో కాగితము మీద మూడు సార్లు కాల్చి చూశాము. మూడూ దగ్గర దగ్గరగానే పడ్డాయి. అంతటితో తృప్తిపడి కొండకు వెళ్ళాము.

సాయంకాలము ఒక దుప్పి సుమారు తొంభై గజాల దూరములో నిలిచింది. కాల్చాము. అది కూలలేదు, వెనుక కాళ్ళు ఈడ్చుకుంటూ పొదలలోకి పోయింది. చీకటి పడేదాకా, మరునాడు మధ్యాహ్నము దాకా వెదికాము. నెత్తురు చుక్కలు కనబడ్డాయి కాని దుప్పి కనబడలేదు. ఇంటికి వచ్చి అదే గుండును వంద గజాల దూరములో కాగితము మీద కాల్చాము. కాగితములో గుండ్రని రంధ్రము లేదు. తాళపు చెవి దూరే కన్నము వలె పొడుగైన చీలిక వున్నది. అంటే గుండు మొనతో కాక అడ్డముగా తిరిగి తగిలింది. దుప్పి విషయములో ఏమి జరిగిందో అప్పుడు తెలిసింది. తుపాకి తప్పు కాదు, గుండు తప్పు కాదు. ఆ గొట్టానికి ఆ గుండు సరిపోదు. ఆ మాట వేటకు ముందే తెలుసుకోవలసినవారము మేము.

పాత మాటలు

ఈ తుపాకిని మన తాతల నాటి తెలుగులో చక్కగా వర్ణించవచ్చును. ఇది విశాఖపట్నము, గోదావరి మన్యములో వాడిన నాటు తుపాకికి అన్న వంటిది. మూతినుండి మందు పోసి, దానిపై గుండు పెట్టి, కడ్డీతో దట్టిస్తారు. చెవి దగ్గర నిప్పు పుట్టించే పొడి మందును రంజకము అన్నారు. చెకుముకి రాయి రాపిడితో రంజకము అంటుకొనేది ఒక రకము. టోపీ వంటి చిన్న రాగి మూతను సుత్తితో కొట్టి పేల్చేది రెండవ రకము. వెనుక భాగములో గొట్టానికి తిన్నగా నిప్పు తగిలేటట్లు చేసిన కొత్త రకమును ఇక్కడ ఇన్‌లైను అంటారు. ఈ మూడవ రకము 1985లో టోనీ నైట్ అనే ఆయన చేసిన తుపాకితో బాగా వ్యాపించింది. భారత దేశములో 1972 నాటి వన్యప్రాణి చట్టముతో ఈ వేట ఆగిపోయింది. అమెరికాలో మాత్రము అనేక రాష్ట్రాలు దీనికి ప్రత్యేకముగా రోజులు కేటాయిస్తున్నాయి. పెన్సిల్వేనియా 1974లో చెకుముకి తుపాకులకు మాత్రమే అని ఒక దుప్పి వేట కాలమును ఏర్పాటు చేసింది.

నల్ల మందు అంటే సూరేకారము 75 పాళ్ళు, బొగ్గు 15 పాళ్ళు, గంధకము 10 పాళ్ళు. ఇక్కడ ఒక ముచ్చట. 1861లో అంతర్యుద్ధము మొదలైనప్పుడు అమెరికా ప్రభుత్వము తరఫున దూపాంట్ కుటుంబీకుడు ఒకరు ఇంగ్లండు వెళ్ళి అక్కడ దొరికిన సూరేకారమును కొన్నాడు. అది భారత దేశమునుండి ఓడలలో వచ్చినదే. మన పెద్దలే కాదు, మన నేల ఉప్పు కూడ సముద్రములు దాటింది.

బరువులను ఇక్కడివారు గ్రేనులలో చెబుతారు. మన కంసాలి గురువింద గింజతో బంగారము తూచినట్లే ఇదీ గింజ లెక్కే. 180 గ్రేనులు ఒక తులము. ఈ ఒక్క లెక్క జ్ఞాపకము పెట్టుకుంటే మిగిలినది సులభము.

మొదట చట్టము

గుండు కొనక ముందు రాష్ట్రపు నిబంధనలు చదవవలెను. కాలిఫోర్నియాలో దుప్పి వంటి పెద్ద జంతువులకు ఈ రకపు తుపాకి కనీసము 0.40 కాలిబరు వుండవలెను. అంటే గొట్టము లోపలి అడ్డుకొలత అంగుళములో పదింట నాలుగు వంతులు. ఒకసారికి ఒకే గుండు. మందు నల్ల మందు గాని దానికి బదులుగా చేసిన మందు గాని కావలెను. గుండులో సీసము బరువులో నూటికి ఒకటి మించకూడదు.

కొలరాడోలో నిబంధనలు వేరు. అక్కడ ఈ తుపాకుల ప్రత్యేక కాలములో దుప్పికి 0.40 చాలును, ఎల్క్ అనే పెద్ద జింకకు 0.50 కావలెను. ప్లాస్టిక్ తొడుగు గల గుండ్లు, బిళ్ళలుగా చేసిన మందు అక్కడ నిషేధము. కాలిఫోర్నియాలో చెల్లిన గుండు కొలరాడోలో చెల్లకపోవచ్చును. అన్నదమ్ములు ఒకరు ఇక్కడ, ఒకరు అక్కడ వుంటే ఒకరి గుండ్లు ఒకరు తీసుకొనక ముందు ఆ సంవత్సరపు నిబంధనల పుస్తకము చూచుకొనవలెను.

గొట్టము ఏమి కోరుతుంది

గొట్టము లోపల మెలికలు తిరిగిన గాడులు వుంటాయి. అవి గుండును బొంగరము వలె తిప్పుతాయి. తిరిగే బొంగరము నిలబడుతుంది, తిరగనిది ఒరిగిపోతుంది. గుండూ అంతే. ఎన్ని అంగుళాల పొడవులో గాడి ఒక చుట్టు తిరుగుతుందో ఆ సంఖ్యను తుపాకి మీదనో, దానితో వచ్చిన పుస్తకములోనో వ్రాస్తారు.

సూత్రము ఒక్కటే. పొట్టి గుండుకు మెల్లని మెలిక చాలును. పొడుగు గుండుకు గట్టి మెలిక కావలెను. గుండ్రని బంతికి 60 లేక 66 అంగుళాలకు ఒక చుట్టు బాగుంటుంది. పొడుగు గుండ్లకు 28 అంగుళాలకు ఒక చుట్టు పెడతారు. కొత్త ఇన్‌లైను తుపాకులు ఎక్కువగా ఈ జాతివే. 48 అంగుళాలకు ఒక చుట్టు మధ్యే మార్గము. 1970లో వచ్చిన థాంప్సన్ సెంటర్ వారి హాకెన్ నమూనాతో ఈ మెలిక చాలా ఇళ్ళలోకి చేరింది. అది బంతినీ కొట్టగలదు, పొట్టి కోపు గుండునూ కొట్టగలదు. పొడుగు గుండును మాత్రము నమ్మకముగా తిప్పలేదు. మా తుపాకి ఈ మధ్య రకమే.

ఇక్కడే సీసపు నిషేధము వచ్చి కలుస్తుంది. ఒక ఘన సెంటీమీటరు సీసము సుమారు 11.3 గ్రాములు తూగుతుంది. అదే రాగి సుమారు 9 గ్రాములు. కాబట్టి అదే లావు, అదే బరువు గల గుండును రాగితో చేస్తే తప్పక పొడుగు అవుతుంది. పొడుగైతే గట్టి మెలిక కావలెను. సీసపు గుండును చక్కగా కొట్టిన పాత గొట్టము అదే బరువు గల రాగి గుండును ఒరిగించవచ్చును. 2019లో మాకు తెలియని లెక్క ఇదే. దగ్గరలో గుండు ఇంకా పూర్తిగా ఒరగలేదు, అందుకే ఇరవై అయిదు గజాల పరీక్ష మమ్ములను మోసగించింది.

గుండ్లు మూడు రకములు

మొదటిది బంతి. దీనిని నూలు గుడ్డలో చుట్టి దట్టిస్తారు. 0.50 గొట్టానికి 0.490 అంగుళాల బంతి, దాని చుట్టూ 0.015 అంగుళాల మందము గల గుడ్డ సాధారణము. సీసముతో చేస్తే ఈ బంతి సుమారు 177 గ్రేనులు, దాదాపు ఒక తులము. 0.45 గొట్టపు బంతి 128 గ్రేనులు. 0.54 గొట్టపు బంతి 224 గ్రేనులు. చూడండి, అడ్డుకొలత కొంచెము పెరిగితే బరువు ఎంత పెరిగిందో! కనుక బంతి వాడేవారు బరువు పెంచాలంటే తుపాకినే మార్చవలెను. గుడ్డ గట్టి నేత గల నూలుది కావలెను. నైలాను కలిసినది వేడికి కరిగి గొట్టానికి అంటుకుంటుంది.

బంతి చౌక, తేలిక, దెబ్బ తక్కువ. దాని లోపము దూరము. గాలిని చీల్చుకొనే మొన లేదు గనుక త్వరగా వేగము కోల్పోతుంది. మూతి దగ్గర సెకనుకు 1800 అడుగులు వున్న వేగము వంద గజాల దగ్గర సుమారు 1100 అడుగులకు దిగుతుంది. శక్తి వేగపు వర్గమును బట్టి పోతుంది గనుక అక్కడ మిగిలేది మొదటి శక్తిలో మూడింట ఒక వంతుకు కొంచెము పైన మాత్రమే.

రెండవది కోపు గుండు. మొన గలిగి, అడుగు చదునుగానో బోలుగానో వుంటుంది. గుడ్డ అక్కరలేదు. 0.50 గొట్టానికి 350 మొదలు 400 గ్రేనుల దాకా, అంటే సుమారు రెండు తులములు వుంటుంది. మెత్తని సీసముతో చేస్తారు గనుక మందు తోసినప్పుడు కొంచెము ఉబ్బి గాడులను పట్టుకుంటుంది. బరువు వల్ల లోతుగా దిగుతుంది, వేగము నిలుపుకుంటుంది. భుజానికి దెబ్బ గట్టిగా తగులుతుంది. కాలిఫోర్నియాలో సీసము కూడదు గనుక ఇది ఇతర రాష్ట్రాలవారి సంగతి.

మూడవది తొడుగు గుండు. దీనిని సేబో అంటారు. ఆ ఫ్రెంచి మాటకు కొయ్య చెప్పు అని అర్థము, మన పావుకోడు అన్న మాట. గొట్టము కంటె సన్నని గుండుకు ప్లాస్టిక్ పావుకోడు తొడిగి దట్టిస్తారు. మూతి దాటగానే పావుకోడు విడిపోతుంది, గుండు ముందుకు పోతుంది. రాగి గుండ్లు చాలావరకు ఈ పద్ధతివే. 0.50 గొట్టానికి 250 నుండి 300 గ్రేనుల రాగి గుండ్లు దొరుకుతాయి. గట్టి మెలిక గల ఇన్‌లైను తుపాకి వుంటే ఇవి బాగా పనిచేస్తాయి.

రాగి గుండు మొనలో గుంట వుంటుంది. జంతువుకు తగిలినప్పుడు ఆ గుంట విచ్చుకొని పువ్వు రేకుల వలె తెరుచుకోవలెను. అందుకు కొంత వేగము కావలెను. వేగము చాలకపోతే విచ్చుకోక సన్నని కన్నము చేసి దాటిపోతుంది. ఈ తుపాకుల వేగానికి తగినట్లు చేసిన గుండ్లకు గుంట పెద్దదిగా వుంటుంది. కనుక పెట్టె మీద ఈ రకపు తుపాకులకని వ్రాసినదే కొనవలెను, కనీస వేగము ఎంతో చదవవలెను.

సీసము ఎందుకు పోయింది

కొందరు మన పెద్దలు ఈ నిషేధము మీద విసుగుకుంటారు. కారణము తెలిస్తే విసుగు తగ్గవచ్చును. కాలిఫోర్నియా కాండర్ అనే పెద్ద రాబందు 1982 నాటికి లోకములో 22 మాత్రమే మిగిలింది. వేటగాళ్ళు విడిచిన పేగులలోని సీసపు ముక్కలు తిని అవి చచ్చిపోతున్నాయని తేలింది. 2008లో కాండర్ తిరిగే ప్రాంతాలలో, 2019 నుండి రాష్ట్రమంతటా సీసపు గుండు ఆగింది.

పక్షి మాట అట్లా వుంచితే, మాంసము తినేది మన పిల్లలు. 2008లో ఉత్తర డకోటా రాష్ట్రములో పేదలకు దానము చేసిన దుప్పి మాంసములో సీసపు తునకలు కనబడినందున దానిని పంచవద్దని ఆరోగ్యాధికారులు చెప్పారు. వేగము ఎక్కువ గల తుపాకి గుండు ఎక్కువగా చిట్లుతుంది, మన మెల్లని గుండు తక్కువ చిట్లుతుంది. అయినా పసిపిల్లల ఒంటికి సీసము ఏమాత్రమూ మంచిది కాదు. సీసము చెల్లే రాష్ట్రాలలో వున్నవారు గాయము చుట్టూ బెత్తెడు మాంసము కోసి పారవేయవలెనని మా మనవి.

పాత తుపాకి గలవారు ఏమి చేయవలెను? మేము చేసినది చెబుతాము. బంతికే తిరిగి వచ్చాము, కాని బిస్మతు, తగరము కలిపిన బంతి. బిస్మతు సీసము కంటె తేలిక. 0.490 బంతి ఒట్టి బిస్మతుతో చేస్తే సుమారు 153 గ్రేనులు, ఒట్టి తగరముతో చేస్తే సుమారు 114 గ్రేనులు. కలిపితే ఈ రెంటికి మధ్య. బిస్మతుకు ఒక వింత గుణము వున్నది. గడ్డకట్టేటప్పుడు నీరు మంచైనట్లు అదీ ఉబ్బుతుంది. సీసము సంకోచిస్తుంది. కనుక అదే అచ్చులో పోసినా బంతి కొంచెము పెద్దది వస్తుంది, గుడ్డ పలుచనిది కావలెను. ఈ లోహము గట్టిది, చితకదు, చిట్లవచ్చును. అది చేసే గాయము దాని అడ్డుకొలత అంతే. తేలిక గనుక ఇంకా త్వరగా వేగము కోల్పోతుంది. అందుచేత మా హద్దు అరవై గజాలు అని గీత గీసుకున్నాము. దానిని దాటము.

మందు ఎంత

ఇప్పుడు మేనల్లుడి ప్రశ్నకు వద్దాము. అన్నిటికంటె ముందు ఒక మాట: ఈ తుపాకిలో మామూలు తూటాలలో వాడే పొగ లేని మందు చిటికెడు కూడ పొయ్యకూడదు. దాని ఒత్తిడికి గొట్టము పగిలి చేతులు, కళ్ళు పోతాయి. నల్ల మందు, లేక దానికి బదులని డబ్బా మీద వ్రాసిన మందు మాత్రమే.

నల్ల మందును గింజ పరిమాణమును బట్టి ఎఫ్ అక్షరములతో గుర్తిస్తారు. ఎఫ్‌లు ఎక్కువైతే గింజ సన్నము, మంట త్వరితము. 0.50, 0.54 గొట్టాలకు రెండు ఎఫ్‌ల మందు, 0.45కు, అంతకంటె చిన్నవాటికి మూడు ఎఫ్‌ల మందు సాధారణము. నాలుగు ఎఫ్‌లది చెకుముకి తుపాకి రంజకానికి మాత్రమే.

మందును తూచకూడదు, కొలవవలెను. కొలత గొట్టము మీద గీతలు వుంటాయి, బియ్యము సోలతో కొలిచినట్లే. ఇది చిన్న సంగతి కాదు. 1976లో బజారుకు వచ్చిన పైరోడెక్సు అనే బదులు మందు తేలికైనది. 100 గ్రేనుల కొలతలో పట్టేది నిజానికి 70 గ్రేనులు మాత్రమే తూగుతుంది. తెలియనివారు త్రాసులో 100 తూచి పోస్తే నలభై పాళ్ళు ఎక్కువ పోసినట్లే. ట్రిపుల్ సెవెన్ అనేది ఇంకా బలమైనది. నల్ల మందుకు సమానము కావలెనంటే కొలతలో నూటికి 15 తగ్గించమని దానిని చేసేవారే చెబుతారు. బిళ్ళల మందు 30, 50 గ్రేనులకు సమానముగా వస్తుంది. సులభమే కాని నడిమి లెక్కలు కుదరవు, పైగా ముఖ్యముగా ఇన్‌లైను తుపాకులకు తగినది.

ఎంత పొయ్యాలి అన్నదానికి పాతవారి లెక్క ఒకటి వున్నది. గొట్టము లోపలి ఖాళీలో ఒక్కొక్క ఘన అంగుళానికి 11.5 గ్రేనుల నల్ల మందు బాగా కాలుతుంది. 28 అంగుళాల పొడవు గల 0.50 గొట్టములో ఖాళీ సుమారు 5.5 ఘన అంగుళాలు. గుణిస్తే 63 గ్రేనులు. దానికి మించి పోస్తే వేగము పెరగదని కాదు, పెరుగుదల తగ్గుతూ పోతుంది. మిగిలినది మూతి దగ్గర మంటగా, పొగగా, భుజానికి దెబ్బగా పోతుంది. 0.50 తుపాకిలో బంతితో దుప్పిని కొట్టేవారు 70 నుండి 90 గ్రేనుల వరకు వాడడము సామాన్యము. తొంభై అంటే అర తులము. తులము గుండుకు అర తులము మందు అని పిల్లలకు చెబితే మరచిపోరు. కాని అది పై హద్దు అని, మీ తుపాకి చేసినవారి పుస్తకములో అంతకంటె తక్కువ హద్దు వుంటే అదే వేదవాక్యమని కూడ చెప్పవలెను.

మరి నూటయాభై? కొన్ని కొత్త ఇన్‌లైను తుపాకులు అంత మందు తట్టుకొనేటట్లు చేయబడినవే, అబద్ధము కాదు. కాని తట్టుకోవడము వేరు, అవసరము వేరు. రాగి తొడుగు గుండుకు 100 గ్రేనుల కొలతతో దుప్పికి కావలసిన పని జరుగుతుంది. ఆ పైన పోసినకొద్దీ దెబ్బ ఎక్కువై, రెండవసారి కాల్చేటప్పుడు కన్ను తనంతట తానే మూసుకుంటుంది. భయపడిన కన్నుకు గురి వుండదు.

కాగితమే గురువు

ఇక పరీక్ష. పుస్తకములో చెప్పిన తక్కువ కొలతతో మొదలుపెట్టండి, 0.50 బంతికి 60 అనుకుందాము. యాభై గజాల దూరములో తుపాకిని దిండు మీద ఆనించి మూడు గుండ్లు కాల్చండి. తరువాత 70, తరువాత 80. ఏ కొలతలో మూడు కన్నాలు దగ్గరకు చేరుతాయో అది మీ గొట్టము కోరిన కొలత. ఆ పైన పోసి కన్నాలు చెదిరితే వెనుకకు రండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. గుడ్డా, మందూ, గుండూ మూడూ ఒకేసారి మారిస్తే ఏది మేలు చేసిందో తెలియదు. బడిలో సైన్సు పాఠము కూడ ఇంతే చెబుతుంది.

కాల్చిన తరువాత నేల మీద పడిన గుడ్డలను ఏరి చూడండి. అంచులు చిరిగి, నడుమ నల్లగా వుంటే మంచిది. నడుమ కాలి కన్నము పడితే గుడ్డ పలుచనిది, లేక మందు ఎక్కువ. గాడుల వెంట కోసుకుపోయి వుంటే గొట్టము మూతి దగ్గర పదును వున్నది.

నల్ల మందు కాలినప్పుడు సగానికి పైగా గట్టి మసిగానే మిగులుతుంది. అది గొట్టములో పేరుకుంటే తరువాతి గుండు కిందికి దిగదు. కనుక ప్రతిసారి తడి గుడ్డతో ఒకసారి, పొడి గుడ్డతో ఒకసారి తుడవండి. గుండు తప్పక మందు మీద ఆని కూర్చోవలెను. నడుమ ఖాళీ వుంటే గొట్టము ఉబ్బవచ్చును, పగలవచ్చును. సరిగా దట్టించినప్పుడు కడ్డీ మీద మూతి దగ్గర గీత పెట్టుకోండి. తరువాత ఆ గీత చూస్తే చాలును. మందును డబ్బానుండి నేరుగా గొట్టములోకి ఎన్నడూ ఒంపకండి, లోపల నిప్పు రవ్వ మిగిలి వుంటే డబ్బా చేతిలోనే పేలుతుంది. ఇంటికి వచ్చిన రోజే సబ్బు కలిపిన వేడి నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, నూనె పూయండి. ఆ మసి గాలిలోని తడిని పీల్చి రాత్రికి రాత్రే తుప్పు పట్టిస్తుంది.

చివరి పరీక్ష దూరము. దుప్పి గుండె, ఊపిరితిత్తులు వున్న చోటు ఒక పళ్ళెమంత. ఆరు అంగుళాల కాగితపు చక్రము ఒకటి కత్తిరించండి. యాభై గజాలు, డెబ్బై అయిదు, వంద. ఏ దూరములో అయిదు గుండ్లూ తప్పక ఆ చక్రములో, గుండ్రని కన్నాలతో పడతాయో అదే మీ హద్దు. ఆ దూరానికి అవతల మీరు వేటగాళ్ళు కారు, అదృష్టము మీద ఆధారపడినవారు. అదృష్టము తప్పితే ఆ బాధ మీది కాదు, ఆ జంతువుది.

మేనల్లుడి సంగతి

మా మేనల్లుడి తుపాకి 28 అంగుళాల మెలిక గల ఇన్‌లైను. మూడు శనివారములు ఇద్దరమూ గురి మైదానానికి వెళ్ళాము. రెండు రకాల రాగి తొడుగు గుండ్లు తెచ్చాము. ఒకటి ఏ కొలతలోనూ కుదురుకోలేదు. రెండవది 90 గ్రేనుల కొలతలో మూడు గుండ్లనూ ఒక టీ కప్పు మూతలో పెట్టింది. 110కి పెంచితే పళ్ళెమంత చెదిరింది. వాడు తనంతట తానే 90కి దిగాడు. అయిదు గుండ్లూ చక్రములో పడిన దూరము వంద గజాలు. ఆ సంఖ్యను తుపాకి కట్టె మీద చిన్న కాగితము ముక్క అంటించి వ్రాసుకున్నాడు.

అక్టోబరులో వాడు కొండనుండి రాత్రి ఫోను చేశాడు. "మామా, పెద్ద దుప్పి కనబడింది. నూట ముప్పై గజాలు. అరగంట చూశాను. దగ్గరకు రాలేదు. వదిలేశాను" అన్నాడు. గొంతులో కొంచెము దిగులు వున్నది. మేము ఏమి చెప్పాలో తోచక, "అన్నము తిన్నావా?" అని అడిగాము. ఫోను పెట్టేసిన తరువాత 2019 నాటి ఆ నెత్తురు చుక్కలు జ్ఞాపకము వచ్చాయి. ఆ రాత్రి మాకు బాగా నిద్ర పట్టింది.

వాడు వచ్చే సంవత్సరము మళ్ళీ వెళతాడు. ఇతర రాష్ట్రాలలోనూ, కెనడాలోనూ వున్న మన పాఠకులలో ఈ తుపాకి వాడేవారు తమ గొట్టపు మెలిక, గుండు, మందు కొలత, చక్రములో పడిన దూరము వ్రాసి పంపితే ఈ పుటలలో ప్రకటించి అందరికీ అందిస్తాము. గురి తప్పిన సంగతులు కూడ దాచకుండా వ్రాయవలెనని ప్రార్థన. మాకు పాఠము నేర్పినవి అవే.